మూడుసార్లు "రేపు రా" అన్నారు, నాలుగోసారి ఆమె వెళ్ళలేదు

మెట్లదారి (విజయవాడ)
3 మార్చి 2025, రాత్రి 9:40

నాది చిట్టినగర్ వైపు చిన్న టైలరింగ్ షాపు. నా దగ్గర చీరలకి ఫాల్స్ కుట్టే అమ్మాయి ఉంది. ఇరవై రెండేళ్ళు, ఇల్లు కొండమీద. కింద రోడ్డు నుంచి వాళ్ళ గడప దాకా నూట నలభై మెట్లు. మొన్న నేనే లెక్కపెట్టాను, మధ్యలో రెండుచోట్ల కూలబడి ఊపిరి పీల్చుకుంటూ.

పోయినవారం మిషన్ ముందు కూర్చున్నదల్లా కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే అయిదో నెల అన్నారు. రక్తం (హిమోగ్లోబిన్) 6.8. కడుపుతో ఉన్నట్టు నాకే తెలీదు, మనిషి అంత సన్నం. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదే అని గట్టిగా అరిచాను. అప్పుడు చెప్పింది. రెండో నెలలోనే వెళ్ళిందట. రక్తం తీసే అతను సెలవు, రేపు రా అన్నారు. రెండోసారి ఆధార్‌లో అడ్రసు అత్తగారి ఊరిది ఉంది, మార్పించుకుని రా అన్నారు. మూడోసారి పదకొండున్నరకి వెళ్తే చీటీలు అయిపోయాయి, రేపు రా. వెళ్ళిన ప్రతిసారీ రోజు కూలి మూడొందల యాభై పోయినట్టే. పైగా మూడోసారి నేనే "ఏంటమ్మా ఊరికే లీవులు" అని విసుక్కున్నాను. ఈ ముక్క రాస్తుంటే సిగ్గేస్తోంది.

నాలుగోసారి వెళ్ళలేదు.

ఎక్కడ అని అడగొద్దు, పేరు రాయను. నెల తప్పిన కొత్తలోనే ఇలాంటి పిల్లలు డాక్టరు దాకా చేరాలంటే ఏం చేయాలి? మన విజయవాడ, గుంటూరుల్లో ఎవరికైనా ఏదైనా దారి తెలిస్తే చెప్పండి. మా మెట్ల మీద ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారని ఇప్పుడే తెలుస్తోంది.

---

లెక్కలమాస్టారు (గుంటూరు)
3 మార్చి, రాత్రి 10:15

ఆ పిల్ల త్వరగా కోలుకోవాలమ్మా. కానీ ఒక్క ఉదంతం పట్టుకుని అంతా పాడైపోయిందనుకోకండి. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకి తల్లుల మరణాలు దేశం మొత్తం మీద 97 అయితే మన రాష్ట్రంలో 45. 108 ఉంది, కాన్పు ఉచితం, మందులు ఉచితం. మూడుసార్లు తిరగడం అంటారా, మేం రేషన్ కార్డుకి పదకొండుసార్లు తిరిగాం.

---

బుడమేరు_బాబు (సింగ్ నగర్)
3 మార్చి, రాత్రి 10:21

రేషన్ కార్డు రాలేదని ఎవరూ కళ్ళు తిరిగి పడిపోరు కదా మాస్టారూ.

---

గాంధీకొండ_గాలి (విజయవాడ)
3 మార్చి, రాత్రి 10:48

మా చిన్నప్పుడు వీధివీధినా తలుపుల మీద సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు. దెయ్యం వచ్చి, చదువుకుని, వెళ్ళిపోవాలని. ఆ రాత ఇప్పుడు ఓపీ కిటికీ మీదికి చేరినట్టుంది.

---

డ్యూటీడాక్టరు (విజయవాడ)
4 మార్చి, ఉదయం 6:05

నేను ఒక అర్బన్ హెల్త్ సెంటర్లో పనిచేస్తాను. మెట్లదారి గారు చెప్పింది మా దగ్గర జరగలేదని ఒట్టేసి చెప్పలేను. అందుకే నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

మాస్టారు గారి లెక్క నిజమే. అయితే ఆసుపత్రిలో కాన్పు, వేళకి రక్తం, వేళకి ఆపరేషన్, ఇవన్నీ తొమ్మిదో నెల కథ. మనం మాట్లాడుతున్నది రెండో నెల కథ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొదటి మూడు నెలల్లో చెకప్ చేయించుకున్న తల్లులు దేశంలో నూటికి 70. మిగతా 30 మంది ఎలాంటి ఇళ్ళలో ఉంటారో చెప్పక్కర్లేదు. అదే సర్వేలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత.

ఎందుకంత తొందర అని పేషెంట్లు అడుగుతుంటారు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజులకి. అంటే నెల తప్పిందే అని అనుమానం వచ్చి రెండు వారాలు తిరిగేసరికి ఆ పని ముగిసిపోతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర అక్కరకొచ్చేది అప్పుడు, అసలైతే ఇంకా ముందే మొదలవ్వాలి. బీపీ సంగతి ఇంకా చిత్రం. నాలుగైదు నెలల్లో బీపీ సహజంగానే కొంచెం దిగుతుంది. ఆ టైంలో మొదటిసారి చూస్తే 120/80 కనిపిస్తుంది, బాగుందని పంపించేస్తాం. ఎనిమిదో నెలలో 150 వచ్చాక, ఇది ముందునుంచీ ఉన్నదా, కడుపు వల్ల వచ్చిందా తేల్చలేక మేం తల పట్టుకుంటాం. రెండో నెలలో ఒక్కసారి చూసి కార్డు మీద రాసి ఉంటే ఆ గొడవే లేదు. రోజుల లెక్క కూడా అంతే. మొదటి మూడు నెలల్లో స్కాన్ తీస్తే కాన్పు తేదీ అయిదారు రోజుల తేడాలో చెప్పగలం. ఆరో నెలలో తీస్తే రెండు వారాలు అటూఇటూ.

ఇక రక్తం. గర్భిణికి 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెలకి ఒక గ్రాము పెరగాలని మా అంచనా. ఎనిమిది ఉన్న ఆమె మూడో నెలలో వస్తే కాన్పు నాటికి గట్టెక్కిస్తాం. ఎనిమిదో నెలలో వస్తే? ఈ లెక్క మీకే వదిలేస్తున్నాను మాస్టారూ.

ఇప్పుడు "రేపు రా" గురించి. ల్యాబ్ టెక్నీషియన్ సెలవులో ఉంటే పరీక్షలన్నీ ఆగిపోవు. బరువు, బీపీ, వేలికొన నుంచి చుక్క తీసి మీటర్లో రక్తం శాతం, మూత్రంలో స్ట్రిప్ ముంచి ప్రోటీన్, షుగర్, ఇంకో చుక్కతో హెచ్‌ఐవీ, సిఫిలిస్ కలిపి చూసే కిట్. ఇవన్నీ ఏఎన్‌ఎం (వార్డు నర్సమ్మ) చేతిలో పనులే. అరగంట పట్టదు. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా) ఇంజెక్షన్ వేసి, ఫోలిక్ యాసిడ్ చేతిలో పెట్టి, కార్డు రాసిచ్చి పంపాలి. బ్లడ్ గ్రూప్, థైరాయిడ్ లాంటివి ఇంకోరోజు చూసుకోవచ్చు. చెకప్ మొదలైందా లేదా అన్నదే ముఖ్యం.

షుగర్ పరీక్ష పేరుతో తిప్పడం మరీ అన్యాయం. గర్భిణులకి మన ప్రభుత్వ పద్ధతిలో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటలయ్యాక ఒక్కసారి చూస్తారు. 140 వచ్చినా, దాటినా షుగర్ ఉన్నట్టు. పరగడుపున రానక్కర్లేదు. ఇది మా స్టాఫ్‌లోనే కొందరికి గుర్తుండదు. "టిఫిన్ తిన్నావా? అయితే రేపు రా."

---

అమ్మమ్మ_తెనాలి
4 మార్చి, మధ్యాహ్నం 2:30

డాక్టరు బాబూ, బాగా చెప్పావు. కానీ మూడో నెల వెళ్ళేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదని మన ఇళ్ళలో ఉంది కదా. నేనూ మా కోడలికి అదే చెప్పాను. దిష్టి అనుకో, ఇంకోటనుకో. నిలవకముందే ఊరంతా టాంటాం చేసుకుని, తర్వాత పోతే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? నలుగురూ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పలేక ఏడ్చిన పిల్లల్ని చూశాను.

---

డ్యూటీడాక్టరు (విజయవాడ)
4 మార్చి, రాత్రి 8:10

అమ్మమ్మగారూ, మీరు చెప్పినదాంట్లో కష్టం ఉంది, నేను కాదనను. ఊరికి చెప్పొద్దు, మాకు చెప్పండి చాలు. గర్భం నిలవని సందర్భాల్లోనే మా అవసరం ఎక్కువ. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచిందనుకోండి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒకపక్క కడుపునొప్పి, కొంచెం బ్లీడింగ్‌తో మొదలై లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఆ పిల్ల కడుపుతో ఉందని ఇంట్లో ఎవరికీ తెలీకపోతే గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెడతారు.

---

ఆశక్క (గుంటూరు)
4 మార్చి, రాత్రి 10:02

నేను ఆశా కార్యకర్తని. ఫోన్లో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మా ఏరియాలో సగంమంది ఆడవాళ్ళు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పోతారు. కిలోల లెక్కన డబ్బులు. ఇప్పుడు సీజను, యార్డుకి సరుకు దిగుతున్నన్నాళ్ళూ వాళ్ళకి ఆదివారం కూడా లేదు. పొద్దున ఆరున్నరకి ఆటో వస్తుంది, పదిహేను మంది ఎక్కుతారు, మళ్ళీ దిగేది చీకటి పడ్డాకే. నేను పదింటికి రిజిస్టర్ పట్టుకుని తలుపులు కొడితే తాళం కప్పలు, లేకపోతే అరుగు మీద ముసలమ్మలు. రెండేళ్ళు అట్టా కొట్టాక నాకు బుర్ర వెలిగింది. ఇప్పుడు ఆరింటికే ఆటో ఆగే టీకొట్టు దగ్గరికి పోయి నుంచుంటా.

నలుగురిలో "నీకు నెల తప్పిందా" అంటే ఎవరు చెబుతారు? నేను అడగను. మిర్చి ఘాటుకి పనిలో అందరూ ముక్కుకి కొంగు కట్టుకుంటారు. అది మామూలే. కానీ ఆటో ఎక్కకముందే, ఇక్కడ టీ వాసనకే కొంగు అడ్డం పెట్టుకుందంటే నాకు డౌటు. పక్కకి పోయి బ్యాగులోంచి పరీక్ష కిట్ తీసి చేతిలో పెడతా. మా దగ్గర ఊరికే ఇచ్చేవే, షాపులో కొనక్కర్లేదు. "రేప్పొద్దున మొదటి మూత్రంతో చూసుకో, రెండు గీతలొస్తే మిస్డ్ కాల్ ఇవ్వు, ఏం మాట్లాడొద్దు" అంటా. మిస్డ్ కాల్ వచ్చిందంటే నాకు పని పడ్డట్టే.

ఇంకోటి. చివరిసారి ఎప్పుడు బయటున్నావు అంటే తేదీ ఎవరూ చెప్పలేరు. క్యాలెండర్ చూపిస్తే నవ్వుతారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి పోయావా అని అడుగుతా. "యాడక్కా, బయటున్నా, అందరూ పోయారు నేనే ఇంట్లో పడున్నా" అంటుంది ఉక్రోషంగా. తేదీ దొరికిపోయింది. సంక్రాంతి ముగ్గులు, ముక్కోటి, క్రిస్మస్ ప్రార్థన, రంజాన్ ఉపవాసాలు, ఏ ఇంటికి ఏది పనికొస్తే అది. డాక్టరుగారి స్కాన్‌కీ నా పండగ లెక్కకీ రెండు మూడు రోజులే తేడా వస్తుంది, కావాలంటే మా మేడంని అడగండి.

---

డ్యూటీడాక్టరు (విజయవాడ)
4 మార్చి, రాత్రి 10:20

ఆశక్కా, ఈ పండగల లిస్టు మా ఏఎన్‌ఎంలందరికీ రేపే చెబుతాను.

---

ఆదోని_అబ్బాయి
5 మార్చి, ఉదయం 11:30

మాది ఆదోని వైపు. సంక్రాంతి కాగానే మా ఊరు సగం ఖాళీ అయి గుంటూరు, పల్నాడు మిరపచేలకి కోతకొస్తుంది. చేను పక్కనే గుడారాలు, ఉగాది దాకా అక్కడే. మా వదిన ఈసారి మూడు నెలలు నిండీ నిండకుండా వచ్చింది. ఊళ్ళో ఆశావర్కరు రిజిస్టర్లో "ఇంటి వద్ద లేదు" అని రాసుకుంటుంది. ఇక్కడ అడిగితే మా లిస్టులో లేదు అంటారు. రెండు లిస్టుల మధ్యలో మా వదిన.

---

ఆశక్క (గుంటూరు)
5 మార్చి, రాత్రి 9:15

తమ్ముడూ, మీ ఊళ్ళో కార్డు రాసుంటే దాని మీద ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణి పేరు నమోదైన నంబరు) ఉంటుంది. ఆ నంబరుతో ఎక్కడైనా చూస్తారు. కార్డు ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉంటే ఇంట్లో ఎవరితోనైనా ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకో. అసలు కార్డే రాయకపోతే ఇక్కడే రాస్తారు, రాయనంటే ఒప్పుకోవద్దు. పొలం ఏ ఊరి పరిధిలో ఉందో అక్కడి సచివాలయంలో ఏఎన్‌ఎం ఉంటుంది, రైతుని బండి మీద ఒకసారి తీసుకెళ్ళమను. కోతమనిషి కళ్ళు తిరిగి పడితే ఆయనకీ నష్టమే.

---

డ్యూటీడాక్టరు (విజయవాడ)
5 మార్చి, రాత్రి 9:40

ఆధార్ సంగతి కూడా తేల్చేస్తాను. డబ్బులొచ్చే పథకానికి ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. బీపీ చూడటానికి అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన ఏ గర్భిణికైనా పరీక్షలు, మందులు, కాన్పు, అవసరమైతే ఆపరేషన్, రక్తం, ఇంటినుంచి తెచ్చి మళ్ళీ దింపే బండితో సహా ఉచితం. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష ఇదే. అడ్రసు మార్పించుకుని రమ్మన్నవాళ్ళు రెండు పనుల్ని ఒకటిగా కలిపేశారు.

---

బుడమేరు_బాబు (సింగ్ నగర్)
5 మార్చి, రాత్రి 11:50

ఆ డబ్బు పథకం నాకు తెలుసు, మా ఇంటిదానికి వచ్చింది. మాతృ వందన. మొదటి కాన్పుకి అయిదు వేలు, రెండు దఫాలు. చివరి నెలసరి నుంచి ఆరు నెలల్లోపు పేరు రాయించుకుని కనీసం ఒక చెకప్ చేయించుకుంటే మూడు వేలు, బిడ్డ పుట్టి పేరు నమోదై మొదటి టీకాలు పూర్తయ్యాక రెండు. రెండోసారి ఆడపిల్ల పుడితే ఆరు వేలు ఒకేసారి.

మా కథ చెప్తా. నిరుడు సెప్టెంబరు 1న బుడమేరు మా కాలనీ మీద పడ్డప్పుడు మా ఆవిడకి సరిగ్గా మూడో నెల. మేడ మీద రెండు రాత్రులు. కింద బీరువాలో కార్డు, స్కాన్ కాయితాలు, పెళ్ళి ఆల్బం అన్నీ బురద ముద్ద. పడవ వచ్చి మమ్మల్ని దింపాక నేను ఆటో ఇంజిన్ గురించి ఏడుస్తున్నా, ఆవిడ కార్డు గురించి ఏడుస్తోంది. నాకప్పుడు అర్థం కాలేదు. మా వార్డు ఏఎన్‌ఎం గారు ఫోన్ నంబరు కొట్టి ట్యాబ్‌లో మొత్తం తీశారు. రెండో నెలలో చూసిన బీపీ, రక్తం 9.4, అన్నీ ఉన్నాయి. కొత్త కార్డు రాసిచ్చారు. రెండో నెలలో రాయించుకోకపోతే ట్యాబ్‌లో మాత్రం ఏం ఉండేది?

ఇప్పుడు నెలలు నిండాయి. ఇవాళో రేపో. రాత్రి కిరాయిలు మానేసి ఇంటి ముందే ఆటో పెట్టుకుని కూర్చున్నా.

---

మందులకొట్టు (వన్‌టౌన్)
6 మార్చి, మధ్యాహ్నం 3:05

మా కౌంటర్ దగ్గర జరిగేది కూడా రాస్తాను. నెల తప్పగానే ఆసుపత్రికంటే ముందు మా దగ్గరికే వస్తారు, చాలాసార్లు మొగుడు వస్తాడు. "నెలసరి రావడానికి మాత్రలివ్వు" అంటాడు. డాక్టరు చీటీ లేకుండా గర్భం తీసేసే ఆ మాత్రల కిట్ అమ్మకూడదు. నేను ఇవ్వనంటే రెండు వీధుల అవతల ఇంకో కొట్టుకి వెళ్తాడని తెలుసు. ఒక ఆర్‌ఎంపీ అలా ఇచ్చిన మాత్రలతో వారంరోజులు రక్తం పోయి మనిషి పాలిపోయాక నా దగ్గరికి ఐరన్ టానిక్ కోసం వచ్చారు. టానిక్ ఇవ్వలేదు, ఆటో ఎక్కించాను.

బిడ్డ వద్దనుకుంటే దానికీ చట్టం ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో గుట్టుగా చేస్తారు. ముందు గర్భం ఎక్కడుందో, ఎన్ని వారాలో ఎవరైనా చూడాలి కదా.

---

పేరు_వద్దు (విజయవాడ)
6 మార్చి, రాత్రి 11:37

నేను ఈ చర్చ రోజూ చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్టులో పనిచేస్తాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి, కస్టమర్ లేకపోయినా కూర్చోనివ్వరు. నాకు నెల తప్పింది. టెస్ట్ చేసుకున్నా, రెండు గీతలు. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఆశక్క చెప్పినట్టు లెక్కేసుకున్నా, సంక్రాంతి అయిన నాలుగో రోజు. శివరాత్రికి గుడికి కూడా వెళ్ళాను.

మా అత్తయ్య ఉగాది వెళ్ళేదాకా ఆసుపత్రి మాటెత్తదు. లీవు అడిగితే పనిలోంచి తీసేస్తారని భయం. వాంతులు. కొట్టులో కొత్త చీరల గంజి వాసనకే వస్తున్నాయి. 9వ తేదీ గర్భిణుల రోజు అంటారు కదా, అప్పటిదాకా ఆగొచ్చా?

---

ఆశక్క (గుంటూరు)
7 మార్చి, ఉదయం 5:20

తల్లీ, భయపడకు. జనవరి 18 అయితే ఇప్పుడు నీకు ఏడో వారం నడుస్తోంది. అక్టోబరు 25 దగ్గర కాన్పు, దీపావళి వెళ్ళిన అయిదో రోజు. మంచి టైములో అడిగావు. ఆటో వచ్చే వేళయింది, మళ్ళీ వస్తా.

---

డ్యూటీడాక్టరు (విజయవాడ)
7 మార్చి, ఉదయం 7:45

9 కోసం ఆగొద్దమ్మా. ప్రతి నెలా 9న జరిగేది ముఖ్యంగా నాలుగో నెల నుంచి ఉన్నవాళ్ళకి డాక్టరు చెకప్. పైగా ఈసారి 9 ఆదివారం, సోమవారానికి మారి రద్దీ ఎక్కువుంటుంది. మీ వార్డు సచివాలయం ఏఎన్‌ఎంని కలిసి, మీ హెల్త్ సెంటర్లో ల్యాబ్ ఏ రోజు ఉంటుందో కనుక్కుని, ఆ రోజు చీటీలిచ్చే వేళకే వెళ్ళండి. తినేసి వెళ్ళండి. రెండు గంటలు కూర్చోవాల్సి వస్తుంది కాబట్టి షుగర్ నీళ్ళు ముందు తాగేసి, ఆ రెండు గంటల్లో మిగతావి చేయించుకోండి. ఈ క్రమం మీరే వాళ్ళకి చెప్పాల్సి రావచ్చు. మొహమాటపడకండి.

కడుపులో ఒకపక్క గట్టిగా నొప్పి, బ్లీడింగ్, కళ్ళు తిరగడం ఉంటే ల్యాబ్ రోజు కోసం కూడా చూడొద్దు. 108.

---

అమ్మమ్మ_తెనాలి
7 మార్చి, ఉదయం 9:00

పొద్దున మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకో తల్లీ. పరగడుపుతో లేచి పళ్ళు తోముకోబోతేనే వికారం తన్నుకొస్తుంది. కొంచెం కొంచెంగా తిను. నీళ్ళు కూడా ఇమడకపోతే ఇంట్లో కూర్చోవద్దు, సెలైన్ పెట్టించుకోవాలి. మీ అత్తగారి ఫోన్‌కి నన్ను కలుపు, నేను మాట్లాడతా.

---

మోడరేటర్
7 మార్చి, ఉదయం 9:25

ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, వ్యక్తిగత సందేశంలో ఇచ్చుకోండి. అమ్మమ్మగారి ఉత్సాహానికి దండం.

---

లెక్కలమాస్టారు (గుంటూరు)
7 మార్చి, రాత్రి 8:50

ఒక సందేహం. కొట్టు యజమానులు, కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఒక్క పూట పంపిస్తే పోయేదేముంది? నా మేనల్లుడిది ఇలాంటి వ్యాపారమే. అడిగాను. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు మావయ్యా" అన్నాడు. అందరూ ఒకేసారి కడుపుతో ఉంటార్రా అని తిట్టాను.

డాక్టరుగారి ఎనిమిదో నెల లెక్క వేశాను. కుదరదు. ఒప్పుకుంటున్నాను.

---

ఆశక్క (గుంటూరు)
8 మార్చి, రాత్రి 9:30

అందరూ ఆడవాళ్ళ రోజు శుభాకాంక్షలు పంపుతున్నారు. మాకు ఒక మీటింగు, ఒక సమోసా.

ఎవరూ అడగలేదు కానీ ఒకటి చెప్పాలి. చివరి దాకా దాచేది పద్దెనిమిది నిండని పిల్లల ఇళ్ళల్లో. కార్డు రాస్తే వయసు రాయాలి, వయసు రాస్తే పోలీసుల దాకా వెళ్తుందని తల్లిదండ్రుల భయం. అంత చిన్న ఒంటికి చెకప్ ఇంకా ఎక్కువ కావాలి, వాళ్ళే అందరికంటే ఆలస్యంగా వస్తారు. మా పేటలో ఒక పిల్లని ఏడో నెలలో చూశా, అప్పటికి కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టట్లేదు. దీనికి నా టీకొట్టు ఉపాయం పనిచేయదు. ఆ పెళ్ళి జరగకముందే తెలిసుంటే బాగుండేది.

---

మెట్లదారి (విజయవాడ)
10 మార్చి, రాత్రి 10:10

ఇక్కడ చదివినవి పట్టుకుని మా వార్డు ఏఎన్‌ఎం గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు కొంచెం చిరాకు పడ్డారు, ఎవరో కంప్లయింట్ ఇచ్చారనుకున్నారట. కూర్చుని మాట్లాడితే ఆవిడ కష్టాలు ఆవిడకున్నాయి. ట్యాబ్‌లో ఎంట్రీలకే సగం రోజు. కొండ ఎక్కితే పైన సిగ్నల్ రాదు, దిగొచ్చి మళ్ళీ కొట్టాలి.

ఎలాగోలా ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా నా షాపులో కూర్చున్నారు. కటింగ్ టేబుల్ మీద బీపీ మిషన్, రక్తం చూసే మీటరు, జాకెట్టు ముక్కల పక్కన స్ట్రిప్‌ల డబ్బా. ట్రయల్ రూం కర్టెన్ ఉంది కదా, అదే గుట్టు. జాకెట్టు కొలతలకొచ్చినట్టు వచ్చారు, బయట చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? అయిదుగురు వచ్చారు. ఇద్దరు గర్భిణులు, ఒకామెకి తొమ్మిదో వారం. ఇంకొకామెకి గర్భం కాదు, నెలసరి ఆగింది, రక్తం కూడా తక్కువుంది, ఆమెని కూడా డాక్టరు దగ్గరికి రాశారు.

మా ఫాల్స్ అమ్మాయికి పాతాసుపత్రిలో ఐరన్ ఇంజెక్షన్లు సెలైన్‌లో పెడుతున్నారు. రెండు అయ్యాయి. ఆ రోజుల జీతం కోయట్లేదు. చెప్పుకోవడానికి కాదు, మొదట్లో నేనన్న మాటకి.

---

పేరు_వద్దు (విజయవాడ)
11 మార్చి, రాత్రి 10:55

వెళ్ళొచ్చాను. మా ఆయన కూడా వచ్చారు. షాపులో "బ్యాంకు పని" అని చెప్పా. మా ఇంటి దగ్గరి ఆశా అక్క చీటీ ముందే తీసి ఉంచింది. గ్లూకోజ్ నీళ్ళు తాగి వాంతి అవుతుందేమోనని భయపడ్డా, అవలేదు. షుగర్ 112. బీపీ 110/70. రక్తం 8.9. బ్లడ్ గ్రూప్ ఓ నెగెటివ్. హెచ్‌ఐవీ అవీ ఏమీ లేవన్నారు. థైరాయిడ్ రిపోర్టు ఎల్లుండి. స్కాన్ వచ్చే వారం రాశారు. ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకి షాపులో ఉన్నా.

నెగెటివ్ అన్నప్పుడు నా గుండె ఆగింది. ఏదో రోగం అనుకున్నా.

---

డ్యూటీడాక్టరు (విజయవాడ)
12 మార్చి, ఉదయం 6:30

రోగం కాదమ్మా. మీ ఆయన గ్రూపు కూడా చూపించండి. ఆయనది పాజిటివ్ అయితే బిడ్డకి కూడా పాజిటివ్ రావచ్చు, అప్పుడు మీ రక్తం దాన్ని పరాయిదిగా చూసే అవకాశం ఉంటుంది. దానికి యాంటీ-డీ ఇంజెక్షన్ ఉంది. మామూలుగా 28 వారాలకి ఒకటి, బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి. మధ్యలో ఎప్పుడు బ్లీడింగ్ అయినా వెంటనే చెప్పాలి. కార్డు మీద ఓ నెగెటివ్ అని ఎర్ర పెన్నుతో పెద్దగా రాయించుకోండి.

8.9 అంటే మధ్యరకం రక్తహీనత. వాంతులు తగ్గాక ఐరన్ ఎప్పుడు, ఎన్ని అన్నది మీ డాక్టరు చెబుతారు. మొదలుపెట్టాక విరేచనం నల్లగా వస్తుంది, కంగారుపడి మానేయకండి. టీతో, పాలతో వేసుకోవద్దు, నిమ్మరసంతో మంచిది. కాల్షియం మాత్ర వేరే పూట. బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

---

బుడమేరు_బాబు (సింగ్ నగర్)
14 మార్చి, ఉదయం 8:02

పాప. మొన్న రాత్రి. రెండు కిలోల తొమ్మిదొందలు. ఇంటి ముందు పెట్టుకున్న నా ఆటో ఆ రాత్రే స్టార్టవలేదు, 108లోనే వెళ్ళాం. ఇంటికి తల్లీబిడ్డ బండిలో దింపుతామన్నారు.

---

అమ్మమ్మ_తెనాలి
14 మార్చి, ఉదయం 8:10

మహాలక్ష్మి! దిష్టి తీయించు నాయనా, అది మాత్రం మానొద్దు.

---

పేరు_వద్దు (విజయవాడ)
15 మార్చి, రాత్రి 11:15

బాబుగారికి శుభాకాంక్షలు. అమ్మమ్మగారు మా అత్తయ్యతో గంటసేపు మాట్లాడారు. ఏం చెప్పారో తెలీదు. ఇవాళ అత్తయ్యే అడిగింది, కార్డు ఎక్కడ పెట్టావే అని. తీసుకెళ్ళి దేవుడి పటం వెనక పెట్టింది, వచ్చేవాళ్ళ కళ్ళబడకుండా. రేపట్నుంచి టిఫిన్‌లోకి గుడ్డు పెడతానంది.

ఆశక్కా, 28 వారాలంటే ఏ పండక్కి?

---

ఆశక్క (గుంటూరు)
16 మార్చి, ఉదయం 5:35

ఆగస్టు 2, శనివారం. శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం అని మీ అత్తయ్యకి చెప్పు, ఆవిడ మర్చిపోదు.